అమ్మ వైపు చల్లబడని కారు

మా చిన్నప్పుడు ఇంటికొచ్చిన మొదటి కారులో ఏసీ సగమే పనిచేసేది... నిజంగానే సగం. స్టీరింగు వైపు వేళ్లు కొంకర్లు పోయేంత చల్లటి గాలి, ఎడమవైపేమో పొయ్యి ముందు కూర్చున్నట్టు వెచ్చటి గాలి. ఆ ఎడమవైపు సీటు మా అమ్మది.

చేవెళ్లలో మాకు కిరాణా దుకాణం. అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరు మీదున్న రోజులు. సిటీలో వాళ్లు కొత్త కార్లు కొంటుంటే, వాళ్ల పాత కార్లు మా వైపుకు వచ్చేవి. మొయినాబాద్ రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు, ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు... మా బాపు కారు కొనగానే, సేటు కూడా షోకు పడ్డాడని దుకాణానికొచ్చిన వాళ్లంతా ఆటపట్టించారు. బాపు నవ్వి ఊరుకునేవాడు.

షోకు కాదు. అమ్మకు పెద్ద జబ్బు. సిటీ దవాఖానలో మందు ఎక్కించుకుని, మెహిదీపట్నంలో బస్సెక్కితే ఆ వేడికి, డీజిల్ వాసనకు దారంతా వాంతులే. ఆమెను చల్లగా ఇంటికి తెచ్చుకోవాలి... బాపుకు ఉన్న ఆశల్లా అదొక్కటే.

అమ్మకు మాత్రం ఆ కారంటే ఎంత మురిపెమో. ప్రతి శుక్రవారం ఒంట్లో ఓపిక లేకున్నా తడిగుడ్డతో తుడిచేది. డ్యాష్‌బోర్డు మీది చిన్న వెంకన్న బొమ్మకు బొట్టు పెట్టి, క్షేమంగా పోయి క్షేమంగా రావాలని మొక్కి, చామంతి రేకులు, పసుపు అక్షింతలు ముందు అద్దం వారగా చల్లేది. మళ్లీ శుక్రవారానికి అవి కనబడేవి కావు. గాలికి పోయి ఉంటాయనుకునేవాళ్లం...

ఇక ఏసీ వైద్యం మొదలైంది. మొయినాబాద్ మెకానిక్ ముందు గ్యాస్ నింపాడు. కుడివైపు ఇంకా చల్లబడింది, ఎడమవైపు ఎప్పటిలాగే ఉంది. బండి ముందున్న జాలీని నీళ్లు కొట్టి కడిగితే బురద పోయింది, వేడి పోలేదు. ఫిల్టర్ మార్చినా అంతే. బాపు బియ్యం నాణ్యం చూసినట్టు లోపల గాలొచ్చే ఒక్కో ఏసీ జాలీ ముందు అరచెయ్యి పెట్టి, కళ్లు చిట్లించి చూసేవాడు. నాకైతే నవ్వొచ్చేది.

చివరికి మెకానిక్, లోపల ఏదో పట్టేసిందని, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలని, బండి కొన్నాళ్లు వదిలిపెట్టమని చెప్పాడు. వదిలిపెడితే అమ్మను దవాఖానకు ఎట్లా తీసుకెళ్లాలి? ఈసారి మందు అయిపోనీ... కాస్త కోలుకోనీ... అంటూ ఆ పని వెనకబడుతూనే పోయింది.

ఈలోగా బాపు తన ఉపాయం తాను కనిపెట్టాడు. తన వైపు జాలీలన్నీ అమ్మ దిక్కు తిప్పి, గాలి పక్కకు పోకుండా బిస్కెట్ డబ్బా అట్టముక్క అడ్డం పెట్టేవాడు. తాను చెమటతో తడిసిపోతూ నడిపేవాడు. అమ్మ కళ్లు మూసుకుని పడుకున్నట్టే ఉండి, మెల్లగా చెయ్యి చాచి ఒక జాలీని ఆయన వైపు తిప్పేది. స్పీడు బ్రేకర్ దగ్గర బాపు మళ్లీ ఆమె వైపు తిప్పేవాడు.

"మీ అంగి సూడుండ్రి, పిండితే నీళ్లు కారెటట్టున్నది. జర మీ దిక్కు పెట్టుకోండ్రి."

"నాకేం గాదు. నువ్వు కండ్లు మూసుకో."

మెహిదీపట్నం నుంచి చేవెళ్ల దాకా ఇదే పేచీ. వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం నేను చూసింది ఆ ఒక్క విషయంలోనే.

వానలు పడ్డాయి. ఇక ఏసీ అక్కర్లేదులే అనుకున్నాం... ఆ వానాకాలం దాటకముందే అమ్మకు కారే అక్కర్లేకుండా పోయింది.

కర్మకాండలయ్యాక బాపు కారును మొయినాబాద్ మెకానిక్ దగ్గర వదిలిపెట్టాడు. ఇప్పుడిక తొందరేముంది... బండి తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. మెకానిక్ ఒక పేపరు విప్పి చూపించాడు. ఎండి గోధుమరంగుకు తిరిగిన చామంతి రేకులు, ఇంకా పసుపు పోని అక్షింతలు.

"సేటూ, ఇవి అద్దం కింది సందులకెల్లి లోపల పడ్డయ్. వేడిగాలిని ఆపే రెక్క మూసుకోకుంట అడ్డం పడ్డయ్. గందుకే ఆ దిక్కు సల్లగ రాలె."

బాపు జేబులోంచి దస్తీ తీసి, ఒక్క గింజ కూడా కింద పడకుండా ఆ పేపరులోవన్నీ అందులోకి వంచుకుని మూట కట్టాడు. నాకు మాత్రం ఆ పూల మీద, ఆ వెంకన్న బొమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది.

తిరుగు దారిలో రెండు వైపులా ఒకే చల్లదనం. ముందుకొచ్చి కూర్చొమ్మన్నాడు బాపు. నాకు మనసొప్పక వెనకే కూర్చున్నాను. స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడు ఆయన చెయ్యి అలవాటుగా జాలీని ఖాళీ సీటు వైపు తిప్పింది... చేవెళ్ల చేరే ముందు ఒక్కమాట అన్నాడు.

"ఈ ముచ్చట మీ అమ్మకు తెల్వకనే పోయింది, బిడ్డా. గదొక్కటి మంచిగైంది."

ఇప్పుడు నా కారులో ముందు కూర్చునే ఇద్దరికీ వేర్వేరు ఏసీ మీటలున్నాయి. ఎవరికి కావలసినంత చల్లదనం వాళ్లు పెట్టుకుంటారు. ఒకరినొకరు అడిగే పనే లేదు. నేనూ శుక్రవారం పూలు పెడతాను... కాకపోతే అద్దం కింది సందు మీద ముందుగా ఒక గుడ్డ పరుస్తాను.

మీ ఇళ్లల్లోనూ తాము ఉక్కపోతలో ఉండి పక్కవాళ్ల వైపు గాలి తిప్పిన వాళ్లుంటే, వాళ్ల గురించి రెండు మాటలు రాయండి. చదవాలనుంది... మా బాపు ఇప్పటికీ ఎవరి కారెక్కినా, ముందు ఎడమవైపు జాలీకి అరచెయ్యి పెట్టి చూస్తాడు.