ఎంపిక అంటే ఏరడమే

“నువ్వు కూడా ఆ అమ్మాయి మీదే వేలు వేశావంటగా వదినా?”

“వెయ్యనా మరి? అందరికంటే ముందు వేసింది నేనే.”

మా ఆడపడుచూ నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. ఆమె మిరపకాయల షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది. నేను నేల మీద పరిచిన బరకం పట్టా మీద కూర్చుని, కాయలు ఏరుతూనే జవాబు చెప్పాను. నవ్వుతూ చెప్పాను. నవ్విన సంగతి కూడా రాయమ్మా, వదిలిపెట్టకు.

రాస్తున్నది మా తమ్ముడి కూతురు. ఇంటర్ చదువుతోంది. నాకు బస్సు బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, రాయడం రాదు. ముప్పై ఏళ్లు మిరప ఘాటులో కూర్చున్న గొంతు కాబట్టి మాట కూడా బొంగురే. అయినా ఈ పిల్లకు అర్థమవుతుంది.

మాది పర్చూరు పక్కన పల్లె. నా పెనిమిటి పోయేనాటికి మా ఆడపడుచుకు తొమ్మిదేళ్లు. అత్తమామలు అంతకు ముందే పోయారు. నాకు పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. పాస్టరుగారు చెబితే ఆ పిల్లను చీరాలలో మిషన్ వాళ్ల హాస్టల్లో వేశాను. అక్కడ గ్రౌండులో రెండు స్తంభాలు, వాటికి పైన ఇనప చట్రాలు, చట్రాలకు వలలు. నేను చూడబోయినప్పుడు ఆడపిల్లలు ఆ వలల్లో బంతి వేస్తున్నారు. వేసిన బంతి వేసినట్టే కింద పడుతోంది. అడుగు లేని వలలో వేస్తే ఏం లాభమే అని అడిగితే మా పిల్ల పడీ పడీ నవ్వింది.

ఆ అడుగు లేని వలే, ఆ బాస్కెట్‌బాలే, ఆమెకు అన్నం పెట్టింది. పదో తరగతిలో జిల్లాకు ఆడింది, ఆ తర్వాత రాష్ట్రానికి ఆడింది. ఆటల కోటాలో గుంటూరులో ఆఫీసు ఉద్యోగం వచ్చింది. ఒకసారి ఇండియా టీముతో కూడా వెళ్లివచ్చింది గాని, ఆ సారి బెంచీ మీద కూర్చోబెట్టడమే ఎక్కువ. ఈసారి పిలిస్తే ఆడతాను వదినా, ఆడి మానేస్తాను అంటుండేది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. మోకాలు రెండుసార్లు వాచింది. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆముదపాకు వెచ్చచేసి కట్టేదాన్ని. ఆ ఏడు పిలుపు రాకపోతే మళ్లీ వచ్చేది లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఏడు మన రాష్ట్రం నుంచి ఒక్కరినే తీసుకుంటారని చెప్పుకున్నారు. క్యాంపులో మిగిలింది ఇద్దరు. ఒకరు మా ఆడపడుచు. ఇంకో అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. పేపర్లో ఎప్పుడు చూసినా ఆ పిల్ల ఫొటోనే. రెండు జడలు ముందుకు పడి ఉండేవి, చేతిలో బంతి, నవ్వు మొహం. చీరాలలో సైకిళ్ల కొట్టువాడు కూడా ఆ ఫొటో కత్తిరించి గోడకు అంటించుకున్నాడు.

ఆ పిల్ల ఆడటం నేను చూశాను. చెడ్డగా ఆడిందని చెబితే నా నోరు పడిపోతుంది. గుంటూరులో మ్యాచికి నేనూ మా షెడ్డులో ఇంకో ఇద్దరూ బస్సెక్కి వెళ్లాం. ఆ అమ్మాయి ఎక్కడో దూరాన నిలబడి బంతి విసిరేది, అది తిన్నగా పోయి వలలో పడేది. జనం లేచి నిలబడి ఈలలు. మావాళ్లిద్దరూ కూడా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా ఆడపడుచు వలలో వేసింది తక్కువ. మధ్యలో నిలబడి, చేత్తో సైగలు చేస్తూ, నువ్విటు రా, నువ్వటు పో అని మిగతావాళ్లను తిప్పుతూ ఉండేది. చివర్లో మనవాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. కాస్తంత టైమే మిగిలింది. ఆ అమ్మాయి బంతి నాకివ్వు, వేస్తానని చేతులు ఎత్తింది. జనం కూడా ఇవ్వు, ఇవ్వు అని ఒకటే గోల. మా పిల్ల ఇవ్వలేదు. అవతలివాళ్లకు అందకుండా బంతిని నేలకు కొట్టుకుంటూ, ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరుగుతూ, విజిల్ వేసేదాకా తన దగ్గరే ఉంచుకుంది. మ్యాచ్ గెలిచారు. గెలిపించిన మనిషిని జనం ఓ అని ఎగతాళి చేశారు. ఆమె మొహం తుడుచుకుని, చెంబుడు నీళ్లు తాగి, అవతలి టీము పిల్లలతో చేతులు కలిపి వచ్చేసింది.

బస్సులో వస్తూ దాని గురించే మాట్లాడుకున్నాం. మర్నాడు షెడ్డులో కూడా అదే మాట. మా మిర్చి కొట్టు గుమాస్తా ఆ చిన్నమ్మాయి పక్షం. ఆటంటే చూసేవాళ్ల కోసం అనేవాడు. జనం ఎవరి కోసం వస్తున్నారో వాళ్లనే పంపాలని, రేపు ఇంకో పదిమంది ఆడపిల్లలు ఆట నేర్చుకుంటే ఆ పిల్లను చూసే నేర్చుకుంటారని అతని వాదన. మా మేస్త్రీ అక్క ఒప్పుకోలేదు. పై దేశం పోయినప్పుడు అక్కడ ఈలలు వేసేవాళ్లు మనవాళ్లు కాదు గదయ్యా, అక్కడ కాలు వణక్కుండా నిలబడేది ఎవరో వాళ్లను పంపాలి అంది. నేను మేస్త్రీ మాటకే వంత పాడాను. సొంత మనిషి కాబట్టి పాడానో, నిజమని పాడానో ఇప్పుడు విడదీసి చెప్పలేను. మా వరసలో చివర కూర్చునే, ఈమధ్యే మా ఊరికి కాపురానికొచ్చిన కొత్త కోడలు మాత్రం ఒక మాట అంది. అందరూ అలవాటున్నవాళ్లనే పంపితే అలవాటు లేనివాళ్లకు అలవాటు ఎప్పుడవుతుంది అత్తా, మీ ఆడపడుచును కూడా ఎవరో ఒకరు మొదటిసారి పంపితేనే గదా పోయింది అని. పనిచూసుకోవే అని కసిరాను.

ఆ గొడవలో ఉండగా పేపరువాళ్లు కూపన్లు వేశారు. పక్కపక్కన ఇద్దరి ఫొటోలు. ఇండియా టీముకు ఎవరు వెళ్లాలో పాఠకులే చెప్పాలని. గుమాస్తా నాలుగు కొట్లు తిరిగి మా షెడ్డులో ఉన్నవాళ్లందరికీ మనిషికొకటి తెచ్చాడు. ఆడంగులకు కూడా అభిప్రాయం ఉండాలని అతని సరదా. కింద అచ్చువేసింది పైకి చదివాడు. ఇద్దరిలో ఒకరిని ఎంపిక చేసి గుర్తు పెట్టండి అని ఉంది.

“ఎంపికంటే ఏందయ్యా?” అని అడిగింది మేస్త్రీ.

“ఎంపిక అంటే ఏరడమే అక్కా. మీరు రోజూ చేసే పనేగా. ఇద్దర్లో ఒకళ్లను ఏరి, ఆ బొమ్మ మీద వేలు వెయ్యండి” అన్నాడు. సిరా ప్యాడ్ మా ముందు పెట్టి, లారీ వచ్చిందని కొట్లోకి పోయాడు.

మా పనిలో ఏరడం అంటే ఒకటే. బరకం మీద కాయలు పోస్తారు. ఎర్రగా నిగనిగలాడే కాయ జోలికి పోము. తెల్లమచ్చ పడ్డ తాలుకాయను, మెత్తబడ్డ కాయను వేళ్లతో పట్టి బయట పడేస్తాం. మంచిది బరకం మీదే ఉండిపోతుంది. మా వేలు పడిందంటే ఆ కాయ పక్కకు పోవాల్సిందే. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా, అన్నేళ్లుగా మా వేళ్లు చేసిన పని అది. ఏరమన్నాడు గుమాస్తా. కాబట్టి వద్దనుకున్న దాని మీద వేలు వేయాలి.

చివరి వరస కోడలికి అప్పుడు కూడా అనుమానం వచ్చింది. “ఓట్లప్పుడు కావాల్సినోళ్ల మీద గదా అత్తా ముద్ర వేస్తాం?” అంది.

“అక్కడ ఉండేది గుర్తు. ఇది మనిషి మొహం. మన పిల్ల మొహానికి మనమే సిరా పూస్తామా?” అన్నాను.

ముందు నేను వేశాను. రెండు జడల పిల్ల మొహం నా బొటనవేలి కింద పూర్తిగా కనబడకుండా పోయింది. కొంచెం పాపమనిపించింది, అయినా గట్టిగానే అదిమాను. నన్ను చూసి మేస్త్రీ, మేస్త్రీని చూసి మిగతావాళ్లు, అందరూ ఆ పిల్ల మీదే వేశారు. కోడలు కూడా వేసింది. గుమాస్తా వచ్చి చూసి, మొత్తానికి నా దారికొచ్చారు గదా అన్నాడు. వెటకారం చేస్తున్నాడనుకున్నాం. కవరు మీద మా ఊరి పేరు పెద్దగా రాసి పోస్టులో వేశాడు.

ఆ తర్వాత పదిరోజులకేమో మా ఆడపడుచు వచ్చింది. క్యాంపు అయిపోయిందట, లిస్టు ఇంకా రాలేదట. అవి నాకు తర్వాత తెలిసిన సంగతులు. చీరాలలో రైలు దిగి, బస్సు మారి, ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకే వచ్చింది. భుజాన సంచి, చేతిలో మడతపెట్టిన పేపరు. ఘాటుకు దగ్గు వస్తుందని లోపలికి రాలేదనుకున్నాను. గుమ్మంలోంచే అడిగింది. ఆమె ఏమడిగిందో, నేనేమన్నానో మొదట్లోనే చెప్పాను. నా లెక్కలో ఆ జవాబుకు అర్థం, నీకు అడ్డం వచ్చినదాన్ని అందరికంటే ముందు నేనే ఏరి పారేశానని. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె ఒక్క క్షణం నా చేతుల వంక చూసింది. తల ఊపి వెనక్కి తిరిగింది. ఇంటికి పోయి కాళ్లు కడుక్కుంటుందిలే, మోకాలికి ఆకు వేడి చేయాలి అనుకుంటూ నా ముందున్న కుప్ప పూర్తి చేశాను.

ఇంటికి వెళితే మనిషి లేదు. మంచం మీద పేపరు ఉంది. నేను నింపిపెట్టిన నీళ్లబిందె కదిలించినట్టు కూడా లేదు.

ఆదివారం ఆ పేపరు చర్చికి తీసుకుపోయి టీచరమ్మ గారితో చదివించాను. చిన్న ముక్క. మా ఆడపడుచు సొంత ఊరి ఆడవాళ్లు సైతం కొత్త అమ్మాయినే కోరుకుంటున్నారని, కూపన్ల మీద వేలిముద్రలు వేసి మరీ పంపారని. మేము ఏరేశామమ్మా, కోరుకోలేదు అన్నాను. టీచరమ్మగారు మొదట అర్థం కాక చూశారు. అర్థమయ్యాక కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

లిస్టులో ఆ చిన్నమ్మాయి పేరే వచ్చింది. పెద్దవాళ్లు కూపన్లు చూసి టీము వేయరు, మోకాలు చూసి వద్దనుకుని ఉంటారని టీచరమ్మగారు చెప్పారు. పెద్దవాళ్లు కూడా జనం మాట వింటారని గుమాస్తా అన్నాడు. టీములో ఆమె చోటు పోవడానికి నేను కారణమో కాదో నాకు తెలియదు. ఆమె గుమ్మంలోంచి వెనక్కి పోవడానికి మాత్రం నేనే కారణం. ఆ పిల్ల ఉన్న టీము గెలిచిందో ఓడిందో నేను కనుక్కోలేదు. మా ఆడపడుచు ఆట మానేసి, దూరం ఊరికి బదిలీ చేయించుకుంది.

పాస్టరుగారితో రెండు ఉత్తరాలు రాయించాను. ఆయన మంచివాడే గాని, నేను చెప్పింది రాయలేదు. అజ్ఞానం వల్ల జరిగిన పొరపాటును మన్నించవలెను అని రాశారు. చదివి వినిపించినప్పుడు బాగానే ఉందనిపించింది. పోస్టు చేశాక ఆలోచిస్తే, అందులో తాలుకాయా లేదు, ఏరడమూ లేదు. పొరపాటని ఎవరైనా రాస్తారు. ఏం పొరపాటో లేకపోతే ఆమె ఎందుకు నమ్ముతుంది? ప్రతి క్రిస్మస్‌కూ ఆమె దగ్గర నుంచి ఒక కార్డు వస్తుంది. అచ్చేసిన మాటలు, కింద పేరు. అంతే.

అందుకే ఇప్పుడు ఈ పిల్లను కూర్చోబెట్టి, నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఏదైనా పత్రికకు పంపుతానంటోంది. పంపనీ. మా ఆడపడుచు పేపర్లు చదివే మనిషి. ఆ ముక్క చదివిన మనిషి ఇది కూడా చదవొచ్చు.

అయిందమ్మా, ఇక చాలు. ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు. కాయలు ఏరడం గురించి చెప్పినచోట ఒక్క మాట కూడా పోకూడదు. అన్నిటికంటే ముందు, నేను నవ్వుతూ చెప్పానని రాశావో లేదో చూడు.