కోదాడ అంగడిలో కూర్చున్న రోజు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు వానాకాలమంతా నేను భయంతోనే గడిపాను. ఆ స్వాతంత్ర్యం మునగాలకు వచ్చింది, మాకు రాలేదు. మాది కోదాడ, నైజాం రాజ్యం. మునగాల మాకు దగ్గరే. దాని చుట్టూ ఉన్నదంతా నైజాం నేలే, అయినా ఆ ఊరు తెల్లవాళ్ళ ఏలుబడిలోని కృష్ణా జిల్లా కింద లెక్క. అందుకని అక్కడ నడిబజారులో మూడు రంగుల జెండా ఎగరేసి బెల్లం పంచారు. అదే జెండా కోదాడలో ఎవరింట్లోనైనా దొరికితే పోలీసులు వీధిలోకి ఈడ్చేవాళ్ళు.

నేను సూర్యాపేట నుంచి కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఆయన బడిలో పంతులు. ఇంట్లో మేమిద్దరం, ఆయన అక్క. ఆమె నాకు వదిన. చిన్న వయసులోనే భర్త పోయి తమ్ముడి దగ్గర ఉండేది. పొడగరి, మాట కటువు. పప్పులో ఉప్పు ఎక్కువైతే వాకిట్లోకి వినబడేలా తిట్టేది. పోలీసుల పేరు చెబితే ఎంత వణికేదాన్నో, ఆ రోజుల్లో ఆమె పిలిచినా అంతే వణికేదాన్ని.

ఆ వానాకాలంలోనే మా ఆయన బడి పని వదిలేశాడు. మన రాజ్యం ఇండియాలో కలవాలంటూ ఇంకొందరితో కలిసి సర్కారు కచేరీ ముందు జెండా పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళేముందు ఆ సంగతి అక్కకు చెప్పాడు, నాకు చెప్పలేదు. పొయ్యి మీద జొన్న గటక ఉడుకుతుండగా పక్కింటామె పరుగున వచ్చింది.

"మీ పంతులును పట్కపోయిన్రు పిల్లా!"

నేను గటక కలుపుతూనే ఉన్నాను. అది అడుగంటి మాడిన వాసన వచ్చాక కూడా కలుపుతూనే ఉన్నాను. నల్లగొండ తీసుకుపోయారని, చూడటానికి ఎవరినీ రానివ్వరని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి ఏ చప్పుడైనా మా గుమ్మం ముందుకే వస్తున్నట్టుండేది. తుపాకులు పట్టుకున్న నైజాం వైపు గుంపులు ఊళ్ళ మీద పడుతున్నాయని, గడ్డివాములు తగలబెడుతున్నాయని రోజూ ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. నేను తలుపు వెనక రోకలి పెట్టుకున్నాను. వదిన చూసింది.

"దీంతోని ఏం జేస్తవ్? ఒకని తల పలగ్గొడ్తవ్. మిగిలినోళ్ళు ఊరంత తలగవెడ్తరు," అని రోకలి తీసుకెళ్ళి మళ్ళీ రోటి పక్కన పెట్టింది. "మగోళ్ళను లోపలేసిన్రు. ఇగ మన వంతు."

మరునాటి నుంచి పొద్దున పూట మా వాకిట్లోకి ఆడవాళ్ళు రావడం మొదలైంది. పక్కింటామె, ఆమె కోడలు, క్రైస్తవుల వాడ నుంచి నాట్లకు పోయే అక్కచెల్లెళ్ళు, ఇంకా కొందరు. వదిన వాళ్ళను వరసగా నిలబెట్టేది. చేతిలో కట్టె పట్టుకుని, "నేను పోలీసోన్ని అనుకోండ్రి," అని అరుస్తూ మీదికొచ్చేది. చెయ్యెత్తొద్దు, రాయి తియ్యొద్దు, తిట్టొద్దు, ఉరకొద్దు. వారపు అంగడిలో జెండా పట్టుకుని నిలబడటానికి ఇవే ఆమె పెట్టిన షరతులు. కట్టె లేచినప్పుడల్లా నేను మొహం కప్పుకునేదాన్ని. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. వదిన నవ్వేది కాదు.

"వదినా, నేను రాను. నాకు భయమైతది," అని ఒకరోజు చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అంది. "నాకు కాదా? అన్నం ముద్ద దిగుతలేదు. గోడకు ఆనుకోకుంటే నిలబడలేకపోతున్న. నువ్వు ఇంట్లనే ఉండు, ఎవరేమంటరు?"

ఆమె గోడకు ఆనుకుని నిలబడటం నేనూ చూశాను. ఒళ్ళు అలిసిందనుకున్నాను. కానీ వాళ్ళంతా వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలి. తలుచుకుంటే వీధికన్నా ఇల్లే ఎక్కువ భయంగా తోచింది. అందుకే వెళ్ళాను. ధైర్యం వచ్చి కాదు.

అంగడి రోజు. పచ్చిమిరపకాయల గంపలు, గాజుల మలారాలు, బేరాల అరుపులు. వదిన నడుముకు చుట్టుకున్న జెండా తీసి విప్పింది. ఆమె వెనక మేం నడిచాం. అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గాజులమ్మే ఆమె మమ్మల్ని చూసి మలారం మూట కట్టుకుని గోడవారకు జరిగింది. అందరూ నినాదం ఇస్తుంటే నేను ఇవ్వలేకపోయాను. పెదవులు మాత్రం కదిలించాను.

పోలీసు అమీను జవాన్లతో వచ్చాడు. "హటో, జరుగుండ్రి! ఎవడు పంపిండు మిమ్ముల?"

"ఎవరు పంపలే. మేమే వచ్చినం. మా మనుషులను ఇడిచిపెట్టుండ్రి. మన రాజ్యం ఇండియాల కలవాలె," అంది వదిన. గొంతు సన్నగా ఉంది. అది ఆమె గొంతులా లేదు.

లాఠీ ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. జెండా బురదలో పడింది. ఆమె ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడింది. నేను ఉన్నచోటే కూలబడ్డాను.

నా వెనకున్న పక్కింటామె అది సైగ అనుకుందట. ఆమె కూర్చుంది, ఆమె కోడలు కూర్చుంది, తర్వాత అందరూ. చివరికి వదిన కూడా. జవాన్లు అమీను వంక చూశారు. నిలబడ్డవాళ్ళనైతే నెట్టేవాళ్ళు, పారిపోతే తరిమేవాళ్ళు. బురదలో కూర్చున్న ఆడవాళ్ళను ఏం చేయాలో వాళ్ళకు తోచలేదు. "లెవ్వుండ్రి! లెవ్వుండ్రి!" అని అమీను అరుస్తూనే ఉన్నాడు. నేను నిజంగానే లేవలేకపోయాను. ఎండ నడినెత్తికొచ్చింది. గోడవారకు జరిగిన గాజులమ్మే ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి వదిన నోటికి అందించింది. ఒక జవాను చెంబును తన్నాడు. ఆమె కూడా మా పక్కనే కూర్చుంది.

సాయంత్రానికి లారీ తెచ్చి మమ్మల్ని రెక్కలు పట్టుకుని ఎక్కించారు. మిర్యాలగూడ జైలుకు అన్నారు. చిలుకూరు దాటాక, చుట్టూ వరిచేలు తప్ప ఏమీ లేనిచోట లారీ ఆపారు.

"దిగుండ్రి. నడుసుకుంట పోండి," అని మమ్మల్ని దించేసి వెళ్ళిపోయారు.

అంతకన్నా జైలే మేలనిపించింది. మసక పడుతోంది. ఆ దారిలోనే గుంపులు తిరుగుతున్నాయని విన్నాం. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వెనక్కి నడుస్తుంటే మోటారు చప్పుడు వినబడింది. ఉరకొద్దని నేర్పిన వదినే అందరికన్నా ముందు పొలంలోకి దూకింది. మేమంతా ఆమె వెనక నీళ్ళలో బోర్లా పడుకున్నాం. చూస్తే బియ్యం బస్తాల లారీ. అది పోయాక వదిన విరిగిన చేయి పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు.

చిలుకూరులో మొదటి ఇంట్లో తలుపు తీయలేదు. "మీకు నీళ్ళిస్తే రేపు మా ఇల్లు కాలవెడ్తరమ్మా, జర అర్థం జేసుకోండ్రి," అంది లోపలి గొంతు. ఆ గొంతుకూ నా వణుకే ఉంది. నాకు కోపం రాలేదు. ఊరి చివర ఒక ముసలామె మమ్మల్ని పశువుల కొట్టంలో పడుకోబెట్టి, వెదురు బద్దలు పెట్టి వదిన చేయి కట్టింది. అది సరిగా అతకలేదు. చివరిదాకా ఆమె ఆ చేత్తో బిందె ఎత్తలేకపోయింది.

తర్వాత కూడా రెండు మూడు అంగళ్ళలో ఆడవాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. ప్రతిసారీ నేనూ వెళ్ళాను. ప్రతిసారీ ముందురోజు నాకు విరేచనాలు పట్టుకునేవి. అలవాటైతే భయం పోతుందని చెప్పేవాళ్ళు, నాకు పోలేదు. చలికాలానికి మా వీధిలో ఇళ్ళు తగలబెట్టారు. మేం మునగాల చేరి ఒక రైతు కొట్టంలో తలదాచుకున్నాం.

మరుసటి ఏడు యూనియన్ సైన్యం వచ్చాక మా ఆయనను వదిలారు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి కొట్టం ముందు నిలబడితే గుర్తుపట్టలేదు. ఎవరో మగవాడు వచ్చాడని కేకపెట్టాను. వదిన బయటికొచ్చి, "మీ ఆయనేనే," అంది. ఆయన ఆమె వంకర చేతిని చూసి ఏమైందని అడిగాడు.

"అంగట్ల దెబ్బ తలిగింది," అంది వదిన. "నీ పెండ్లామును అడుగు, అన్ని జెప్తది."

ఆ వారంలోనే ఎడ్లబండిలో సామాను వేసుకుని కోదాడకు బయల్దేరాం. సరిహద్దు దగ్గర బండ్లను ఆపి తనిఖీ చేసే నాకా గది ఖాళీగా ఉంది. తలుపు గాలికి కొట్టుకుంటోంది. మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఇప్పుడు ఏ భయమూ లేదని ఆయన చెబుతూనే ఉన్నాడు. సరే సరే అంటూనే బండి ఇంటి ముందు ఆగేదాకా నేను వదిన చేయి వదల్లేదు.