ఉప్పుగాలికి ఆగే రేడియో

తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలిపోకపోయి ఉంటే మా ఇంటర్నెట్ వ్యాపారమే ఉండేది కాదు. చెప్పుకోవడానికి బాగుండదు గానీ నిజం అదే. తీగ లేకుండా సిగ్నల్ పంపాలంటే ఈ చివరి డిష్‌కి ఆ చివరి డిష్ కనబడాలి. మధ్యలో చెట్లు అడ్డొస్తే అంతే సంగతులు. అంతకుముందు మా ఊరు కాశీబుగ్గలో ఎంత ఎత్తెక్కి చూసినా తూర్పున ఆకులే కనిపించేవి. తుపాను వెళ్ళాక మా బావ పాత కేబుల్ టీవీ టవర్ ఎక్కి చూసి, దిగి వచ్చి, "వజ్రపుకొత్తూరు దాకా బోడిగా కనబడతంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో సంతోషం లేదు. కూలినవాటిలో మా మావయ్య తోట కూడా ఉంది.

మా బావంటే నా మేనమామ కొడుకే. నన్ను పెళ్ళి చేసుకున్నాడు. చిన్నప్పటినుంచీ బావ అనే పిలిచేదాన్ని కాబట్టి పెళ్ళయ్యాకా అదే పిలుపు ఉండిపోయింది. అప్పటిదాకా స్తంభాల మీద తీగ లాగి ఇళ్ళకు కేబుల్ టీవీ కనెక్షన్లు ఇచ్చేవాళ్ళం. తుపానుకు ఆ స్తంభాలన్నీ పడిపోయాయి. మళ్ళీ తీగ లాగే శక్తి లేక, డిష్‌లూ రేడియోలూ బిగించి సముద్రం ఒడ్డు ఊళ్ళకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాడు. రేడియో అంటే పాటలు వినేది కాదు, డిష్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పెట్టె. సిగ్నల్ పంపేదీ అందుకునేదీ అదే. టవర్లూ మేడలూ ఎక్కే పని అతనిది. కంప్యూటర్లలో డిగ్రీ చదివాను కనుక ఆఫీసులో కూర్చుని కంప్లైంట్లు వినే పని నాది.

ఆ ఊళ్ళలో మాకు ముఖ్యమైన ఇల్లు ఒకటి ఉండేది. సముద్రానికి బాగా దగ్గరగా, ఇసకలో కట్టిన శ్లాబు ఇల్లు. ఆ పల్లెలో అంత ఎత్తయిన మేడ మరొకటి లేకపోవడంతో అక్కడ పెద్ద డిష్ పెట్టి చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ పంచేవాళ్ళం. ఆ ఇంటావిడను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భర్త సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఒక్కడే కొడుకు, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనిచేసేవాడు. బోటు ఒడ్డుకు వచ్చిన రోజుల్లో వీడియో కాల్ చేసేవాడు. మేడ వాడుకుంటున్నందుకు ఆవిడకు కనెక్షన్ ఊరికే ఇచ్చాం. ఆవిడకు ఇంటర్నెట్ అంటే ఆ కాల్ ఒక్కటే.

ఒకసారి వానాకాలంలో ఆవిడ ఆటో ఎక్కి కాశీబుగ్గ దాకా వచ్చింది. మెట్లెక్కి, మా గుమ్మంలోనే కూలబడింది.

"మా గుంటడు మాటాడతా మాటాడతా ఆగిపోనాడమ్మా. మూతి తెరిసినోడు తెరిసినట్టే ఉండిపోనాడు. నాకు బయమేసింది."

"అది సిగ్నల్ పోవడం పెద్దమ్మా. అతనికేమీ కాలేదు" అన్నాను.

"నాకేటి తెలుస్తాదమ్మా" అంది. నా ఫోన్ నుంచి కొడుక్కు కాల్ కలిపి ఇచ్చాను. రెండు మాటలు మాట్లాడి, ఫోన్ నా చేతిలో పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ పల్లెలో రేడియోలు ఒక వానాకాలం దాటితే గొప్ప. ఉప్పుగాలి ముందు బోల్టులను తింటుంది, తర్వాత కేబుల్ వెంబడి లోపలికి దూరుతుంది. పెట్టె విప్పితే రాగి పిన్నులు పచ్చగా పాచి పట్టినట్టు ఉండేవి. ఎన్నిసార్లు మార్చినా అదే తంతు. మా బావ విసుక్కోకుండా వెళ్ళి మార్చి వచ్చేవాడు. ఆ ఏడాది మాత్రం వెళ్ళి వచ్చిన ప్రతిసారీ మంచానికి అడ్డం పడిపోయేవాడు. చెప్పులు విప్పితే పాదాల మీద వార్ల గుర్తులు లోతుగా పడి ఉండేవి. మా ప్రాంతంలో కాళ్ళు వాస్తే కిడ్నీ జబ్బు తప్ప ఎవరూ మరో పేరు ఎత్తరు. రక్తపరీక్షలో కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ అనే మాట చదువు రానివాళ్ళకు కూడా నోరు తిరుగుతుంది. పరీక్ష రాసిచ్చిన డాక్టరు ఏమీ వివరించలేదు, మేమూ అడగలేదు.

డయాలసిస్ మొదలయ్యాక అతన్ని టవర్ ఎక్కవద్దన్నారు. రోజు విడిచి రోజు పలాస ఆస్పత్రిలో గడిచిపోయేది. పెద్దమ్మ ఇంటి మీద రేడియో మళ్ళీ చచ్చిపోయింది. కొత్తది ఏది కొనాలో నిర్ణయించాల్సిన పని నా మీద పడింది. విశాఖపట్నంలో మేం కొనే షాపుకు వెళ్ళాను. షాపతను రంగురంగుల కాగితాలు ముందు పరిచి, ఏది ఎంత దూరం పోతుందో, ఎంత స్పీడిస్తుందో చెప్పాడు.

"ఉప్పుగాలికి ఏది తట్టుకుని ఆగుతుంది?" అని అడిగాను.

"అన్నీ ఔట్‌డోర్‌కే మేడమ్. ఎండకీ వానకీ ఏమీ కాదు."

"ఉప్పుగాలికి?"

"సముద్రం పక్కన మాకు పెద్దగా కస్టమర్లు లేరు మేడమ్" అన్నాడు. అతని షాపు మెట్ల మీదినుంచి సముద్రం కనిపిస్తూనే ఉంది. కాగితాలు తీసుకుని బస్సెక్కాను.

మర్నాడు ఆస్పత్రిలో మంచం పక్క స్టూలు మీద కూర్చుని, కాగితాలు ఒక్కొక్కటీ మా బావ కళ్ళ ముందు పెట్టాను. ఒక చెయ్యి మెషీనుకు కట్టి ఉంది. రెండో చేత్తో కాగితం పట్టుకుని చూసి దుప్పటి మీద పెట్టేశాడు.

"స్పీడు కాయితం మీద అందరూ రాత్తారు. అది ఒగ్గేయ్. బిగింపు ఏ ఇనపదో సూడు. కేబులు దూరే కాడ రబ్బరు ఉందో నేదో సూడు. పాడైతే అలాటిదే మరోటి ఎంటనే దొరుకుతాదో నేదో అడుగు. అంతే."

"అయన్నీ కాయితంలో ఉండవు కదా బావా."

"ఉండవు. తలో రకం ఒకటి తెచ్చి పెద్దమ్మ మేడ మీద కట్టీ. వానాకాలం పోనాక ఇప్పి సూద్దాం."

వానాకాలం పోయాక అనే మాట అతని నోట విని నేను తల తిప్పుకున్నాను. అతను గమనించాడో లేదో తెలియదు.

మూడు రకాలు తెచ్చాను. ఒకటి చవకది, అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉండేది. రెండోది చూడముచ్చటైనది, స్పీడు ఎక్కువ. మూడోది బరువుగా, మొరటుగా, పాత తరం డిజైన్‌లో ఉండేది. వెనకవైపు మందమైన లోహపు రేకు, తుప్పు పట్టని స్టీలు బోల్టులు, స్పీడు మాత్రం తక్కువ. మూడింటినీ పెద్దమ్మ పిట్టగోడకు ఇనప గొట్టం కట్టి, సముద్రపు గాలి నేరుగా తగిలేలా బిగించాను. ఎర్త్ తీగ ఎలా దింపాలో మా బావ ఫోన్‌లో చెబుతూ ఉంటే చేశాను. నిచ్చెన దిగువ పట్టుకున్న పెద్దమ్మ ఒకటే అడిగింది.

"ఆడమనిషివి నువ్వెక్కినావేటి? మీ ఆయన ఏడీ?"

చెప్పాను. ఆవిడ నిచ్చెన వదలకుండానే కాసేపు ఇసకవైపు చూసి, "మా ఊళ్ళో కూడా శానామందికి" అంది.

ఆ వానాకాలం వారానికోసారి స్కూటీ మీద తోటల మధ్యనుంచి వెళ్ళి వచ్చేదాన్ని. ఇంటికి రాగానే మా బావ మొదటి ప్రశ్న ఆ మూడింటి గురించే. ఫోటోలు పెద్దవి చేసి చేసి చూసేవాడు. తిండి సహించేది కాదు, నీళ్ళు కొలిచి తాగాల్సి వచ్చేది. ఆ ఫోటోలు చూసే కాసేపు మాత్రం ఒంట్లో బాగున్నవాడిలా ఉండేవాడు.

చవకది దసరా రాకముందే ఆగిపోయింది. రెండోది వాన పడ్డప్పుడల్లా పోతూ వస్తూ, ఒక మధ్యాహ్నం పిడుగు పడ్డాక ఇక లేవలేదు. మూడోది రంగు వెలిసింది తప్ప సిగ్నల్ తగ్గలేదు. వానలు తగ్గాక మూడూ విప్పి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా బావ మంచం మీద పాత తువ్వాలు పరిపించుకున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చే చేతికి స్క్రూడ్రైవరు తిప్పే పట్టు చాలక, పెట్టెలు నన్ను పట్టుకోమన్నాడు. మొదటిదాంట్లోంచి నీళ్ళు కారాయి. రెండోదాంట్లో పిన్నులు పచ్చబడ్డాయి. మూడోది విప్పి, రబ్బరు మీద వేలు రాసి, ఆ వేలు నాకు చూపించాడు. పొడిగా ఉంది.

"ఇదే" అన్నాడు.

"స్పీడు తక్కువ బావా. తిడతారు."

"నెమ్మదిగా వత్తే తిడతారు. అసలు రాకపోతే పెద్దమ్మ మళ్ళీ ఆటో ఎక్కి వత్తాది."

ఆ రకమే అన్ని ఊళ్ళకూ తెప్పించాను. పెద్దమ్మ ఇంటి మీద బిగించే రోజు తనూ వస్తానని పట్టుబట్టాడు. ఆస్పత్రికి వెళ్ళనక్కర్లేని రోజు చూసి ఆటో మాట్లాడాను. దారిలో కుదుపుల దగ్గర కళ్ళు మూసుకున్నాడు గానీ వెనక్కి వెళ్దామని అనలేదు.

మేం వెళ్ళేసరికి పెద్దమ్మ ఇంటి అరుగు మీద ఒక మనిషి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆవిడ కొడుకు. వీడియోలో చాలాసార్లు చూసిన ముఖమే అయినా పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ముఖం ఉబ్బి ఉంది. కాళ్ళు చాపుకుని ఉన్నాడు. పాదాలు చూశాక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"వొచ్చీసినాడు. ఇంక ఎల్లడు" అంది పెద్దమ్మ.

మా బావ వెళ్ళి అతని పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. ఇద్దరికీ అంతకుముందు పరిచయం లేదు. "నీకెంతుంది?" అని మా బావ అడిగితే అతను తన క్రియాటినిన్ ఎంతో చెప్పాడు. మా బావ తనది చెప్పాడు. తర్వాత ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను మేడెక్కి డిష్‌కి కొత్త రేడియో తగిలించి, బోల్టులు వదులు చేసి పట్టుకున్నాను. సిగ్నల్ అంకె ఎంత తగ్గితే అంత మంచిది. కిందనుంచి మా బావ చదువుతుంటే పైనుంచి నేను తిప్పాలి.

"డెబ్బై ఒకటి. ఎడమకి. కొంచెమే. అరవై ఎనిమిది. ఇంకా తిప్పు. ఆఁ, దాటిపోనాది, ఎనక్కి రా."

గాలికి అతని గొంతు సరిగా అందడం లేదు. అప్పుడు పెద్దమ్మ కొడుకు అరిచి చెప్పడం మొదలుపెట్టాడు. బోటు మీద అరిచి అరిచి అలవాటైన గొంతు. మా బావ చదవడం, అతను అరవడం, నేను తిప్పడం. యాభై ఏడు దగ్గర అంకె నిలిచింది. బోల్టులు బిగించేశాను. కిందికి దిగేసరికి ఇద్దరూ అలసిపోయి గోడకు తలలు ఆనించుకుని ఉన్నారు. పెద్దమ్మ కొడుకు తన ఫోన్ తీసి వేరావల్లో ఉన్న సావాసగాడికి కాల్ చేశాడు. బొమ్మ చక్కగా వచ్చింది, మాటా ఆగలేదు. అవతలివాడు బోటు చూపిస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. పెద్దమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా ఆఫీసు ఫోన్ మోగడం తగ్గింది. స్పీడు గురించి గొణిగినవాళ్ళు లేకపోలేదు. కానీ లింకు పోయిందన్న కంప్లైంట్ వారాల తరబడి రాలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. మా బావ మాత్రం అలా లేడు. ఎన్నాళ్ళుగానో లింకు పోయిన ప్రతిసారీ అతన్నే అడిగేదాన్ని. ఏ ఊళ్ళో ఏ కేబులు ఏ మూల చితికిపోయి ఉంటుందో మంచం మీదినుంచే చెప్పేవాడు. ఇప్పుడు అడగడానికి ఏమీ లేదు.

సాయంత్రం నేను ఇంటికి వస్తే, "ఫోన్లేటైనా వొచ్చినాయా?" అనేవాడు.

"రాలేదు బావా."

"కవిటి వైపు?"

"అక్కడా బాగానే ఉంది."

"మంచిదే" అని గోడవైపు తిరిగేవాడు. కొన్నాళ్ళకు ఆ ప్రశ్న కూడా మానేశాడు. ఒకసారి అబద్ధం చెబుదామా అనిపించింది, ఫలానా ఊళ్ళో లింకు పోయింది, ఏం చెయ్యమంటావని. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అతనికి తెలిసిపోతుంది.

జీడిపిక్కలు కాల్చే పొగ ఊరంతా కమ్మే ఎండల్లో అతను పోయాడు. పగటిపూటే, ఆస్పత్రిలో, మెషీను మీద ఉండగానే. పెద్దమ్మ వచ్చింది. కొడుకు రాలేకపోయాడని చెప్పింది.

కర్మలన్నీ అయ్యాక, సంతబొమ్మాళి వైపు ఒక పల్లెనుంచి కనెక్షన్లు కావాలని కబురు పెట్టారు. వెళ్ళాను. ఊరి పెద్దాయన మేడ చూపిస్తూ, "మీ ఆయన వత్తాడనుకున్నాం అమ్మా" అన్నాడు.

"ఆయన లేరు" అన్నాను.

నేను మేడెక్కాను. టెక్కలి వైపు మాకున్న మరో టవర్ దిక్కుకు చూశాను. మధ్యలో తుపానుకు కూలని తోట అడ్డంగా ఉంది. చెట్లు దట్టంగా, ఎత్తుగా ఉన్నాయి. ఎంత మంచి రేడియో పెట్టినా సిగ్నల్ దాటదు. ఇంకా ఎత్తయిన గొట్టం వెయ్యవచ్చేమో, గాలికి నిలుస్తుందో లేదో. ఎవరినైనా అడగాలనిపించింది. అలవాటు కొద్దీ ఫోన్ చేతిలోకి తీశాను, మళ్ళీ సంచిలో పెట్టేశాను.

కిందికి దిగి, "ఇక్కడికి రాదండీ" అని చెప్పాను.

"ఏటీ సెయ్యలేమా?" అన్నాడు పెద్దాయన.

"ఆలోచించి చెబుతాను" అన్నాను. స్కూటీ తీసి టెక్కలి రోడ్డు పట్టాను. వాన సన్నగా మొదలైంది.