కోర్టులో కూలీ, వరండాలో రైతు

భరణం ఇమ్మని ఆర్డరొచ్చి ఏడాదైనా ఇవ్వని మా ఆయన, ఈ రోజు ఏలూరు కోర్టులో జడ్జిగారితో "మా అన్నయ్య చేపల చెరువుల మీద కూలీనండి, ఎక్కణ్ణించి తెచ్చివ్వను?" అన్నారు.

వాయిదా పడి బయటికొచ్చాం. వరండాలో ఉంగుటూరు రైతొకాయన "కొల్లేరులో మీకూ చెరువులున్నాయా అండీ?" అని మా ఆయన్ని పలకరించాడు. చెరువు మాటెత్తితే మా ఆయన ఆగలేరు.

"ముప్పై ఎకరాలండీ, అన్నీ సొంతవే. వచ్చే వారమే చేపల పట్టుబడి."

వెనకాలే నేనూ, మా లాయరుగారూ ఉన్నాం.

"అదే మాట లోపలికొచ్చి చెప్పండి" అన్నాను. పట్టిన చేపల్ని జప్తు చెయ్యమని రేపే పిటిషన్ వేద్దామన్నారు లాయరుగారు.

మీ ఊళ్లో కూలీలకి ఎన్నెకరాలుంటాయో కాస్త చెప్పండి. పదకొండేళ్లు ఆ గట్ల మీద మేత బస్తాలు మోసిన కూలీని నేను. నాకు సెంటు కూడా లేదు.