చేతులతో చదివిన వార్తలు

మా చెల్లికి పుట్టుకతోనే వినపడదు. ముక్తేశ్వరంలో మా ఇల్లు కాలువ గట్టు పక్కన ఉంటుంది. మధ్యాహ్నం ఎండ నీళ్ళ మీద పడి, కిటికీలోంచి మా గది పైకప్పుకి పాకి అక్కడ మెల్లగా ఊగేది. ఆ వెలుగు కింద చాప వేసుకుని చెల్లి టీవీ చూసేది. సౌండు ఎప్పుడూ ఉండేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు టీవీ పాడైందనుకునేవారు.

దానికోసం ఇంట్లో మేమే కొన్ని సైగలు కల్పించుకున్నాం. కళ్ళజోడు సర్దుకున్నట్టు చేస్తే నాన్నగారు. జడ అల్లినట్టు వేళ్ళు తిప్పితే నేను. ఆకలి, నిద్ర, వాన, చర్చి వరకూ మాకు ఇబ్బంది లేదు. ‘ఎందుకు’ అనడానికి మాత్రం మా దగ్గర సైగ లేదు. చెవిటి పిల్లల బడి దూరమని, హాస్టల్లో ఉంచడానికి మనసొప్పక, అమ్మ దాన్ని ఊళ్ళో బడికే పంపింది. చదవడం, రాయడం బాగానే వచ్చాయి. మాట్లాడడానికి మాత్రం మేం ముగ్గురమే.

పదో తరగతి అయ్యాక ఒక వేసవి మధ్యాహ్నం ఛానళ్ళు మారుస్తూ మారుస్తూ ఆగిపోయింది. నిద్రపోతున్న నన్ను కుదిపి లేపింది. ప్రభుత్వ ఛానల్లో నీలం చీర కట్టుకున్న ఒకావిడ చేతులతో వార్తలు చెబుతోంది. తొందర లేదు. వేళ్ళు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి, గుండె దగ్గరికి వచ్చి వెనక్కి వెళుతున్నాయి. మా చెల్లి నోరు తెరిచి చూస్తోంది. చేతులతో మాట్లాడే ఇల్లు లోకంలో మాదొక్కటే అనుకుందిట అంతవరకూ. ఆవిడ ఎవరింటి మనిషి అని నన్నడిగింది.

మర్నాటి నుంచి ఆ వేళకి ఒళ్ళో తెలుగు పేపరు పెట్టుకుని కూర్చునేది. పొద్దున పేపర్లో చదివిన వార్తే మధ్యాహ్నం ఆవిడ చేతుల్లో కనిపించేది. బొమ్మనీ వార్తనీ సైగనీ జతపరుచుకుంటూ రైలు నేర్చుకుంది, వరద నేర్చుకుంది, ఎన్నికలు నేర్చుకుంది. ‘ఎందుకు’ దొరికిన వారమంతా మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. మీకెందుకు వినపడుతుంది, నాకెందుకు వినపడదు అని అమ్మని అడిగింది. అమ్మ దాని చేతులు రెండూ పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

అలాగని ప్రైవేటు ఛానళ్ళంటే దానికి ఇష్టం లేదని కాదు. సీరియళ్ళు విసుగే గాని, ప్రకటనల కోసం ఎదురుచూసేది. చొక్కాకి బురద అంటుతుంది, తల్లికి కోపం వస్తుంది, సబ్బు వస్తుంది, అందరూ నవ్వుతారు. చెవులతో పనిలేని కథ. సాయంత్రం వీధిలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి అవన్నీ నటించి చూపిస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. వార్తా ఛానళ్ళ దగ్గరే దానికి భయం. ఒకసారి తుఫాను వస్తోందని ఎర్రటి అక్షరాలు, ఒకే కెరటం పదేపదే విరగడం, గళ్ళల్లో అరుస్తున్న నోళ్ళు చూసి బట్టలు మూటగట్టి మంచం కింద పెట్టుకుంది. మధ్యాహ్నం నీలం చీరావిడ తుఫాను ఉత్తరానికి మళ్ళిందని రెండు చేతులతో నెమ్మదిగా చెప్పాకే ఆ మూట విప్పింది.

తర్వాత కొన్నాళ్ళకి కేబుల్లో ఆ ఛానల్ బొమ్మ చుక్కలు చుక్కలుగా రావడం మొదలైంది. నాన్నగారు కేబుల్ ఆయన్ని పిలిపించేరు.

“అదెవరు చూత్తారండీ మాస్టారూ? చూసేవోళ్ళు లేపోతే ప్రకటనలు రావండీ. ప్రకటనలు లేపోతే ఛానలెలా నడుత్తదండీ?” అన్నాడాయన, మర్యాదగానే.

“అది జనం సొమ్ముతో నడుస్తుందండీ. మా చిన్నమ్మాయి కూడా జనంలో మనిషే కదండీ!”

“ఆయ్” అన్నాడు గాని, చుక్కలు పోలేదు. చివరికి నాన్నగారు డాబా మీద సొంతంగా డిష్ పెట్టించేరు. గాలి వీచినప్పుడల్లా కొబ్బరి మట్ట అడ్డొచ్చి వార్త మధ్యలో బొమ్మ ఆగిపోయేది. కాయల దింపుకి వచ్చినాయన చేత రెండు మట్టలు కొట్టిస్తే గాని ఆవిడ చేతులు తిరిగి కదల్లేదు.

కొన్నేళ్ళకి రాజోలు నుంచి చెల్లికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికీ వినపడదు. చెవిటి పిల్లల బళ్ళో చదివి, ఫ్రిజ్జులు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. వాళ్ళమ్మగారితో వచ్చి మా గదిలో కూర్చున్నాడు. అతను మోకాళ్ళ మీంచి చేతులెత్తి మెల్లగా ఏదో అడిగాడు. చెల్లి జవాబు చెప్పింది. అతను కాస్త ముందుకి జరిగాడు. ఆ తర్వాత నాలుగు చేతులు ఎక్కడికి వెళ్ళిపోయాయో మాకు అందలేదు. కాలువ వెలుగు వాళ్ళ వేళ్ళ మధ్యలోంచి జారిపోతోంది. నేను నీళ్ళ అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టనిపించింది.

“ఏ బళ్ళో నేర్చుకుందండీ అమ్మాయిగారు?” వాళ్ళమ్మగారు లోగొంతుకతో అడిగేరు.

“బళ్ళో కాదండీ. టీవీలోనండీ” అన్నారు నాన్నగారు.

ఉన్నట్టుండి చెల్లి ముఖం ఎర్రబడింది. ఏమన్నాడని సైగ చేస్తే నాకు చెప్పింది: నాతో మాట్లాడుతున్నావా, వార్తలు చదువుతున్నావా అన్నాడుట! దాని సైగలన్నీ ఆ నీలం చీరావిడవే మరి, పెళ్ళిచూపుల్లోనూ అంత నిదానం, అంత గంభీరం. పౌరుషం వచ్చి చెల్లి లేచి నిలబడి సబ్బు ప్రకటన మొత్తం నటించింది. బురద పూసుకుంది, తల్లిలా నడుం మీద చేయి వేసింది, సబ్బులా మెరిసింది. అతను గొంతెత్తి నవ్వాడు. ఆ నవ్వు ఎంత పెద్దదో అతనికి తెలియదు. వాళ్ళమ్మగారు ఆ నవ్వు విని పైట చెంగుతో కళ్ళొత్తుకున్నారు.

పెళ్ళి మా చర్చిలోనే చేశాం. ఇప్పుడు వాళ్ళు రాజోల్లో ఉంటున్నారు. పాప పుట్టింది. దానికి వినపడుతుంది. మొన్న ఆదివారం వెళితే భోజనాలయ్యాక పాపని నా పక్కన పడుకోబెట్టారు. ఇంకా నోటితో మాటలు రాలేదు. మంచి నిద్రలో ఉండగా దాని చిన్న చేతులు దుప్పటి మీద లేచి, విచ్చుకుని, ఎవరికో ఏదో చెప్పి మళ్ళీ వాలిపోయాయి. కలలో మాట్లాడుతోందని చెల్లి నాకు సైగ చేసింది.