నడికట్టు

నా పొట్టను చూసి "ఎన్నో నెల?" అని అడిగినవాళ్ళందరినీ వరసగా నిలబెడితే వికారాబాదు స్టేషనులో ప్లాట్‌ఫారం చాలదు. మొదట్లో "అదేం లేదండీ" అని తల దించుకునేదాన్ని. తర్వాత తర్వాత "మీకెన్నో నెల?" అని ఎదురడగడం నేర్చుకున్నాను. మా బడి తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి పొట్ట ఆయనకంటే ముందు గదిలోకి వచ్చింది. ఆయన్ని కూడా ఆ మాట అడగలేకపోయానే అని ఇప్పటికీ బాధ. నాకు కోపం తొందర. ఆ కోపం వెనక ఏముందో అడిగేవాళ్ళు ఎవరూ లేరు గనక అది అలాగే ఉండిపోయింది.

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక రాష్ట్రం గొడవలతో బడులూ కాలేజీలూ మూతపడి ఉన్న రోజుల్లో నా పెళ్ళయింది. ఆయనది తాండూరులో నాపరాళ్ళ వ్యాపారం. గనుల నుంచి వచ్చిన బండలను కోయించి, నునుపు చేయించి లారీలకెత్తించేవారు. రెండేళ్ళకు కడుపొచ్చింది. ఉమ్మనీరు ఎక్కువై పొట్ట ఎంత పెరిగిందంటే, కవలలని వాడకట్టంతా తీర్మానించేసింది. పుట్టింది ఒక్క ఆడపిల్ల. రెండో రోజు పొద్దెక్కాక పోయింది. తువ్వాలులో చుట్టి తీసుకుపోయారు. ఎక్కడికని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

"ఏడ్వకు బిడ్డా. పురిటిబిడ్డకు ఏడ్వొద్దు. మళ్ళ పుట్టేటోళ్ళకు మంచిది గాదు" అంది మా అత్తగారు. నేను ఏడవలేదు. మళ్ళీ ఎవరూ పుట్టలేదు కూడా.

మా ఇళ్ళల్లో బాలింతకు మూడో రోజు నుంచి నడికట్టు కడతారు. పాత నేతచీరను మడతలు వేసి, పొట్ట చుట్టూ తిప్పి, ఇంట్లో పెద్దావిడ మంచానికి మోకాలు ఆనించి మరీ బిగించి ముడివేస్తుంది. నెలరోజులు అలా కడితే సాగిన పొట్ట లోపలికి పోతుందని నమ్మకం. నాకోసం ఒక ఎర్రంచు చీర ముందే ఉతికి, గూట్లో పెట్టి ఉంచారు. మూడో రోజు పొద్దున్నుంచి ఆ చీర వంకే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మర్నాటికి గూట్లో చీర కూడా లేదు. బిడ్డ లేకపోతే బాలింత ఎక్కడిది, బాలింత లేకపోతే కట్టు ఎందుకు అనుకున్నారేమో. మా అత్తగారి మీద ఇప్పుడు నాకు కక్ష లేదు. ఆ చీర మీద మాత్రం ఉంది.

కొన్నేళ్ళకు ఆయన సరిహద్దు దాటి, కన్నడం మాట్లాడే ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టుకున్నారు. నేను టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను. బడి తాండూరులోనే. అయితే ఆ ఊళ్ళో నా కథ తెలియని గడప లేదు. అందుకని వికారాబాదులో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. నా కిటికీలోంచి అనంతగిరి కొండలు కనిపించేవి. ఆదివారం ఒక్కదానికే టీ పెట్టుకుని వాటివైపు చూస్తూ తాగేదాన్ని. చూసినవాళ్ళు ఎంత హాయైన బతుకో అనుకునేవారు. హాయి కాదు, ఏకాకితనం. ఆ మాట నేనెవరితోనూ అనలేదు.

ఎనభై నాలుగు శ్రావణంలో ఒకరోజు రైల్లో కాలు పెట్టే చోటు లేదు. నడుం విరిగిపోతుంటే కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ధారూరులో ఒక ముసలామె ఎక్కింది. భుజాన గాజుల మలారం. తాండూరులో ఇల్లిల్లూ తిరిగి గాజులు అమ్ముతుంది. హిందువులూ ముస్లిములూ అందరూ ఆమెను పిన్ని అన్నట్టు ఖాలా అనే పిలిచేవారు. వస్తూనే నన్ను ఎగాదిగా చూసి, సీట్లో కూర్చున్న కాలేజీ పిల్లను లేపింది.

"లే బిడ్డా, జర జాగియ్యి. కడుపుతోని ఉన్నది, కండ్లకు కనిపిస్తలేదా?"

ఆ పిల్ల లేచింది. ఖాలా నన్ను కూర్చోబెట్టి, "ఐదు నెలలుంటయా?" అంది. రావాల్సిన కోపం ఆ రోజెందుకో రాలేదు. తల ఊపాను.

అంతే, మర్నాటి నుంచి ధారూరు రాగానే ఖాలా నన్ను వెతుక్కుంటూ వచ్చేది. కొంగుముడిలోంచి ఉప్పు కలిపి దంచిన చింతపండు ఉండ తీసి చేతిలో పెట్టేది. "మన్ను తినబుద్ధి అయితాంది గదా? దాచకు, నాకు చెప్పు" అని చెవిలో అడిగేది. బడిలో మెట్లు ఎక్కొద్దనేది, నీళ్ళ బిందె ఎత్తొద్దనేది. బిందె నేనెత్తకపోతే ఇంకెవరెత్తుతారని నేననలేదు. "ఏడో నెల పడంగనే నా చేతితోని పచ్చగాజులు ఏస్త. నీ చేతులకు సరిపోయేటియి పక్కకు పెట్టిన. ఫికర్ చెయ్యకు" అంది ఒకరోజు.

పాఠాలు కాక ఆ రోజుల్లో నేను నోరు తెరిచి మాట్లాడిన మాటలన్నీ ఆ రైల్లోనివే. వారానికి ఆరు రోజులు నేను కడుపుతో ఉండేదాన్ని. ఆదివారం ఉండేదాన్ని కాదు.

ఇంతలో నడుంనొప్పి బాగా ముదిరింది. వికారాబాదులో ఒక చిన్న ఆసుపత్రికి ప్రతి శనివారం సాయంత్రం హైదరాబాదు నుంచి ఒక సర్జన్ వచ్చేవాడు. వెళ్ళి చూపించుకున్నాను. బల్ల మీద పడుకోబెట్టి తల పైకెత్తమన్నాడు. ఎత్తితే పొట్ట మధ్యలో గట్టులా లేచింది. అక్కడ వేళ్ళు పెట్టి చూశాడు. నాలుగు వేళ్ళు లోపలికి దిగాయి.

"కండరాలు రెండూ మధ్యలో విడిపోయాయమ్మా. నొప్పి అందువల్లే."

"నడికట్టు కట్టలేదండీ. అందుకే ఇలా అయింది."

అతను నవ్వాడు. "కట్టినా ఇంతే అయ్యేది."

ఆ మాటకు నా మనసు తేలిక పడాలి. ఒళ్ళు మండింది. పదమూడేళ్ళుగా నేను జాగ్రత్తగా దాచుకున్న ఒక్క ఫిర్యాదునూ అంత సులువుగా కొట్టిపారేశాడు.

మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించాడు. బొడ్డు దగ్గర చిన్నగా కోసి, కండరాలను దగ్గరకు లాగి కుట్టడం ఒక పద్ధతి. నొప్పి తగ్గుతుంది, పొట్ట కొంత లోపలికి పోతుంది. సాగిన చర్మం మాత్రం వేలాడుతూనే ఉంటుంది. ఇంకోటి పెద్ద ఆపరేషను. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత. కండరాలు కుట్టి, బొడ్డు కిందున్న వదులు చర్మమంతా తీసేసి, పైచర్మాన్ని కిందికి లాగి, బొడ్డుకు కొత్త చోటు చేసి కుడతారు. పొట్ట చదునవుతుంది. మచ్చ జీవితాంతం ఉంటుంది, కాకపోతే చీరకట్టు కింద దాగుతుంది.

"గొట్టంతో కొవ్వు పీల్చేస్తున్నారట కదా?" అన్నాను. ఏదో వారపత్రికలో చదివాను.

"అది విదేశాల్లో కొత్తగా వస్తోంది. ఇక్కడికొచ్చినా మీకు పనికిరాదు. మీది కొవ్వు కాదమ్మా, వదులు." పెన్ను మూత పెట్టి అన్నాడు, "ఒక్క మాట. పెద్ద ఆపరేషను పిల్లలు ఇక వద్దనుకున్నవాళ్ళకే చేస్తాం. మళ్ళీ కాన్పయితే చేసిందంతా పాడవుతుంది. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి వచ్చే శనివారం చెప్పండి."

తాళం తీసి గదిలోకి వచ్చి ఇంట్లోవాళ్ళ కోసం చూశాను. నీళ్ళ బిందె ఉంది. కిరోసిన్ స్టవ్వు ఉంది. పిల్లలు వద్దనుకోవడానికి కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా. ముప్పై అయిదేళ్ళ మనిషిని, ఎవరితో కూర్చుని వద్దనుకోను?

అద్దం ముందు నిలబడి పొట్ట చూసుకున్నాను. బొడ్డు కింద అంతా తెల్లటి చారలు. ఆ పిల్లకు ఫొటో లేదు. ఉయ్యాల వేయలేదు. తీసుకుపోయిన చోటు తెలియదు. అది నా కడుపున పడి పెరిగిందనడానికి మిగిలినవి ఆ చారలే. పెద్ద ఆపరేషనులో కోసి పారేసేది సరిగ్గా ఆ చర్మాన్నే. చిన్నదయితే చారలుంటాయి. "ఎన్నో నెల" కూడా ఉంటుంది. వారమంతా ఇదే ఆలోచన. బోర్డు మీద లెక్క సగం రాసి ఆగిపోతే పిల్లలు గుర్తుచేసేవారు.

ఎవరినైనా అడగాలనిపించింది. అడగదగిన మనిషి ఒక్కతే ఉంది. ఆమెను తప్ప ఎవరినైనా అడగొచ్చు.

శుక్రవారం రైల్లో ఖాలా ఉన్నట్టుండి నా పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉంచింది. చెయ్యి వెచ్చగా ఉంది. నన్ను ఒక మనిషి అలా ముట్టుకుని ఎన్నేళ్ళయిందో.

"కదులుతున్నదా?" అంది.

"కదులుతున్నది" అన్నాను.

అని, భయపడిపోయాను. తల ఊపడం వేరు, ఇది వేరు. ఆ క్షణంలో నిజంగానే లోపల ఏదో కదిలినట్టనిపించింది. ఇది ఇలాగే సాగితే నేనే నమ్ముతానని తెలిసిపోయింది. మర్నాడు సర్జన్ దగ్గరకు వెళ్ళి "పెద్దదే చెయ్యండి" అన్నాను. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారా అని అడిగాడు. ఒప్పుకున్నారన్నాను.

దసరా సెలవులకు ఇంకొన్నాళ్ళు సెలవు కలిపి హైదరాబాదులో ఆపరేషను చేయించుకున్నాను. తోడు ఎవరంటే, ఆసుపత్రి ఆయానే మాట్లాడుకున్నాను. సర్జన్ వచ్చి నన్ను నిలబెట్టి ఊదా రంగు పెన్నుతో పొట్ట మీద గీతలు గీశాడు, తాండూరులో కోసే ముందు బండ మీద గీసినట్టు. అతను వెళ్ళాక నర్సును అడిగాను, తీసిన చర్మం ఏం చేస్తారని.

"కాలుస్తరు మేడం. ఎందుకు?"

"ఊరికే" అన్నాను.

తర్వాత చాలారోజులు నడుం వంచుకునే నడిచాను. రోజూ పొద్దున్న ఆయా వచ్చి, వెడల్పాటి గుడ్డపట్టీని పొట్ట చుట్టూ తిప్పి, మంచానికి మోకాలు ఆనించి బిగించేది. "గట్టిగయిందా మేడం?" అనేది. "ఇంకా గట్టిగా" అనేదాన్ని. "గింత సోకా?" అని నవ్వేది. పదమూడేళ్ళు ఆలస్యంగా వచ్చిన ఆ కట్టుకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఏడవకుండా ఉండడం అప్పటికి బాగా అలవాటైపోయింది.

గదికి తిరిగొచ్చి చీర కట్టుకుని చూసుకున్నాను. కుచ్చిళ్ళు తిన్నగా దిగాయి. బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. చూపించడానికి ఎవరూ లేరు గనక కాసేపు నేనే చూసుకున్నాను. రోజూ పడుకునే ముందు చారలు తడుముకునే అలవాటు నాకుండేదని, చెయ్యి దానంతటదే అక్కడికి పోయినప్పుడు గాని తెలియలేదు. వేళ్ళకు కుట్టుమచ్చ తగిలింది, ఇంకేం తగల్లేదు. గది ఎప్పటి గదే, అయినా అందులోంచి ఎవరో వెళ్ళిపోయినట్టుంది.

మళ్ళీ బడికి బయల్దేరేసరికి చలి బాగా ముదిరింది. సర్జన్ చెప్పినట్టు చీర లోపల పట్టీ కట్టుకునే ఉన్నాను. రైల్లో ఎవరూ సీటివ్వలేదు, ఎందుకిస్తారు? ఖాలా కనిపిస్తే నిజం చెప్పేద్దామని మాటలు కూర్చుకున్నాను. ఆపరేషను, కండరాలు, వదులు చర్మం. అంతా పాఠంలా వచ్చేసింది.

ధారూరులో ఖాలా ఎక్కింది. తలుపు దగ్గర్నుంచే నా మొహం చూసి నవ్వింది. తర్వాత చూపు కిందికి దిగింది. నవ్వు పోయింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, ముందున్న ఆమెను లేపింది.

"లే బిడ్డా. పచ్చి బాలింత, నిలవడొద్దు."

నన్ను కూర్చోబెట్టి పక్కనే ఇరుక్కుని కూర్చుంది. మలారం విప్పలేదు, ఒళ్ళో పెట్టుకుంది. కొంగు కింద నుంచి నా పొట్ట మీద చెయ్యి వేసింది. పట్టీ తగిలింది. దాని చుట్టూ వేళ్ళతో తడిమి చూసింది.

"కట్టు మంచిగనే కట్టిండ్రు" అంది మెల్లగా. "ఎప్పుడు పోయింది?"

నేను కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"రెండో రోజు" అన్నాను.

"ఆడపిల్లనా?"

"ఆడపిల్ల."

"యా అల్లా" అని ఖాలా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నా బిడ్డ కోసం ఒక మనిషి ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుని నా వంక చూసింది. "ఏడువు బిడ్డా. గట్ల బిగవట్టుకుంటే మంచిది గాదు. ఏడువు" అంది.

ఏడ్చాను. కొత్త కుట్లు లాగుతుంటే పొట్ట పట్టుకుని, పెట్టెలో అందరూ చూస్తుండగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఖాలా నా వీపు రాస్తూ ఉంది. ఆమెను మోసం చేస్తున్నానా అంటే, నాకలా అనిపించలేదు. ఆమె అడిగినవాటికి అన్నింటికీ నిజమే చెప్పాను. ఏ సంవత్సరమని ఆమె అడగలేదు.

తాండూరు దగ్గర పడి, జనం లేచి సామాన్లు అందుకుంటున్నప్పుడు అడిగింది, "పేరు పెట్టుకున్నవా?"

పెట్టుకున్నాను. ఏడో నెలలోనే, నాలో నేనే పెట్టుకున్నాను. ఆయనకు చెప్పలేదు, పుట్టాక చెబుదామనుకున్నాను. తర్వాత ఎవరూ అడగలేదు.

ఖాలాకు చెప్పాను. ఆమె ఆ పేరును ఒకసారి పలికింది, నోరు తిరగక కాస్త తప్పుగానే పలికింది. నేను దిద్దలేదు. రైలు ఆగింది. మలారం భుజానికెత్తుకుని ఆమె బజారు వైపు పోయింది, నేను బడికి పోయాను. నా బిడ్డ పేరు ఇంకొకరి నోట విన్నది ఆ ఒక్కసారే.