‘కోరుకో’ అని పేరు పెట్టిన బటన్

తొంభైల చివర్లో నేను ఆత్మకూరులో పనిచేశాను. బస్టాండుకు ఎదురుగా చెప్పుల కొట్టు, ఆ కొట్టు మేడ మీద మా కంప్యూటర్ సెంటర్. కింది నుంచి తోలు వాసన, పైన వేడెక్కిన మానిటర్ల వాసన. పాఠాలు తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ రాసేది. దాని మెనూల్లో కనబడే మాటలన్నీ తెలుగు చేసి పంపడం మా పని. టీచరు బొమ్మలు, మాటలు, ప్రశ్నలు పెట్టి ఒక్కో పేజీ కట్టుకోవచ్చు. నేర్చుకునేవాళ్ళు జవాబు సరిగ్గా చెబితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది. తప్పయితే కీచుమని చప్పుడు. ఆ చప్పుడు పెట్టిన మహానుభావుడు ఎదురైతే నాలుగు తగిలించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

కొత్త వెర్షన్లో ఈ వరుస పట్టింపు తీసేశారు. ఒక బటన్ నొక్కితే పాఠాల పట్టిక వస్తుంది, అందులో దేని మీద నొక్కితే ఆ పేజీకి పోవచ్చు. దాన్ని వాళ్ళు నాన్-లీనియర్ నావిగేషన్ అనేవాళ్ళు. ఆ బటన్‌కు మంచి తెలుగు పేరు ఒకటి చూడమని హైదరాబాదు సారు ఫోన్ చేశాడు. ‘స్వేచ్ఛా విహారం’ అని పంపితే పార్కు పేరులా ఉందన్నాడు. ‘అడ్డదోవ’ అంటే పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్ళు గుర్తొస్తున్నారన్నాడు. రెండూ నిజమే గానీ, ఫోన్ పెట్టేశాక ఆయన్ని బాగానే తిట్టుకున్నాను.

ఆ రోజుల్లో నా మనసు పేర్ల మీద లేదు, అక్క మీద ఉంది. మా అక్క ఉదయగిరిలో మూడో తరగతి టీచరు. ముందటి వానాకాలం మెదడువాపు జ్వరం వచ్చి బతికి బయటపడింది గానీ, మాటలు చాలావరకు పోయాయి. చదవడం పోయింది. మనుషుల పేర్లు పోయాయి. అన్నం అనబోయి ఆగిపోయి, పళ్ళెం వైపు చూపించేది. బొమ్మలు, మాటలు రోజూ చూపిస్తుంటే కొంత తిరిగి రావచ్చని నెల్లూరు డాక్టరు చెప్పాడు. మా నాయన కూడా మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాడే. అక్క మళ్ళీ బడిలో నిలబడాలి, అంతకు మించి ఆయనకు ప్రార్థనే లేదు. జూన్‌కల్లా వచ్చేస్తుందని హెడ్మాస్టరుకు మాట కూడా ఇచ్చేశాడు.

అందుకని నేను అక్క కోసం ఒక పాఠం కట్టాను. ఇల్లు, వంటిల్లు, బజారు, బడి, వాన, పండ్లు. వరుసగా పేజీలు, ప్రతి పేజీలోనూ నా గొంతుతో ప్రశ్నలు. బడి పేజీకి మాత్రం బొమ్మ గీయించలేదు. జ్వరానికి ముందు ఏడాది అక్క తన తరగతి పిల్లలతో దిగిన ఫోటో స్కాన్ చేయించి పెట్టాను. అది చూస్తే అక్క ముఖం వెలిగిపోతుందని నాకూ నాయనకూ ఎంత నమ్మకమో. టీచర్ల ఇల్లు మాది. బడి అంటే ఇష్టం లేని మనిషి ఉంటుందని మాకు తోచను కూడా తోచదు.

నెల్లూరులో డాక్టరుకు చూపించుకుని తిరిగి వస్తూ శనివారం మధ్యాహ్నం అక్కా నాయనా ఆత్మకూరులో దిగేవాళ్ళు. అక్క మౌస్ పట్టుకోవడం తొందరగానే నేర్చింది. ఇల్లు, వంటిల్లు గడిచిపోయేవి. బజారు దగ్గరికి వచ్చి ఆగిపోయేది. తక్కెడ ఎక్కడ అని అడిగితే నిమ్మకాయల మీద నొక్కేది. కీచు. మళ్ళీ అడిగితే గొడుగు మీద. కీచు. వారం వారం ఇదే. నాయన ఆమె భుజం మీద చెయ్యి వేసి, “ఇంకొక్కటి చెప్తే బడి వస్తాది పాపా” అని బతిమాలేవాడు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చేవి. ఉదయగిరి బజారులో నిమ్మకాయలు ఏరి తక్కెడలో వేయించుకుని వచ్చే మనిషి ఇక్కడ తక్కెడ చూపించలేకపోతున్నదే అని బాధపడేవాణ్ణి.

కొత్త వెర్షన్ వచ్చిన శనివారం, ఆ పేరు లేని పట్టిక తెరిచి అక్క ముందు పెట్టాను. ఆమె చదవలేదు గనక, తెర మీది బాణం ఆనితే నా గొంతు ఆ పేజీ పేరు చెప్పేలా చేశాను. “నీకు ఏది కావాలంటే అది నొక్కుకో అక్కా” అన్నాను.

అక్క నా వైపు చూసి, ముందు పండ్లు నొక్కింది. తర్వాత వాన. ఆ తర్వాత తనంతట తనే బజారుకు పోయింది. తక్కెడ ఎక్కడ అంటే తక్కెడ. గొడుగు ఎక్కడ అంటే గొడుగు. ఒక్క కీచు కూడా లేదు. నాయన దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. నేను సంతోషం పట్టలేక, “ఇంక బడి చూద్దామా” అని ఆమె చేతి మీద నా చెయ్యి వేసి బాణాన్ని ఆ మాట దగ్గరికి జరిపాను. అక్క మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్ని వారాలూ బజారులో తప్పులు చెప్పింది రాక కాదు, బడి రాకుండా ఉండాలని.

“ఏంది పాపా, నీ బడే గదా” అన్నాడు నాయన.

అక్క చాలాసేపు మాటలు వెతుక్కుంది. “పోయినాను. ఒకనాడు. మీరు... మీరు లేరు. పిలకాయలు లేచినారు. పేర్లు... ఒక్కటి రాలా.” ఆగింది. “నవ్వలా. బయపడినారు.”

ఆ రోజు సంగతి మాకెవ్వరికీ తెలియదు. మేము ఊళ్ళో లేని పూట ఒక్కతే బడికి పోయి, తన పిల్లల ముందు నిలబడి, ఒక్క పేరూ పలకలేక తిరిగి వచ్చింది. నాయన ఆమె పక్కన కూర్చున్నాడు. “బడి వద్దని మాకు చెప్పొచ్చు గదమ్మా.”

“అడగలా” అంది అక్క.

ఆ తర్వాతి శుక్రవారం ఉదయగిరిలో మా ఇంట్లో ప్రార్థన కూడిక. మా వాళ్ళ ఇళ్ళలో కూడికల్లో పాటలు వరుసగా పాడరు. కూడిక నడిపే పెద్దాయన ఒక్కొక్కరి వైపు తిరిగి, “కోరుకోమ్మా” అంటాడు. వాళ్ళు తమకు కావలసిన పాట నంబరు చెబితే అందరూ ఆ పేజీ తీస్తారు. జ్వరం తర్వాత అక్క వంతు వచ్చినప్పుడు పెద్దాయన ఆమెను ఇబ్బంది పెట్టకూడదని పక్కవాళ్ళ వైపు తిరిగేవాడు. ఆ రోజూ అలాగే తిరగబోతుంటే నాయన ఆపాడు. “మా పాపను గూడా అడగండయ్యా.”

“కోరుకోమ్మా” అన్నాడాయన.

అక్క పాటల పుస్తకం ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. చివరికి, “ఈ పొద్దు వద్దు” అంది. పెద్దాయన సరేనమ్మా అని తర్వాతి మనిషి వైపు తిరిగాడు. నాయన తలవంచుకుని ఉన్నాడు గానీ, ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

సోమవారం హైదరాబాదుకు పేరు పంపాను, ‘కోరుకో’ అని. అదేం పేరు, పెళ్ళికి సంబంధం చూసినట్టుంది అని సారు నవ్వాడు. మార్చనని చెప్పాను. నా గొంతులో ఏం విన్నాడో, ఇంకేమీ అడక్కుండా ఒప్పుకున్నాడు. నాయన కూడా అదే వారం బడికి పోయి, ఆ తరగతికి వేరే టీచరును చూసుకోమని హెడ్మాస్టరుతో చెప్పి వచ్చాడట. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

శనివారం వాళ్ళు వచ్చేలోపు బడి పేజీ తీసేశాను. అక్క కూర్చుంది. ‘కోరుకో’ నొక్కితే పట్టిక వచ్చింది. బాణం ఆనించిన చోటల్లా నా గొంతు ఆ పేరు చెప్పింది. ఇల్లు, వంటిల్లు, బజారు, వాన, పండ్లు. అక్క బాణాన్ని మళ్ళీ పైకి తీసుకుపోయింది. బజారు. వాన. వాటి మధ్య ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఆనించి విన్నది.

“తీసేసినావా?”

“తీసేసినానక్కా. నీకు వద్దు గదా.”

తల ఊపింది. వద్దు అన్నట్టే ఊపింది. జ్వరం వచ్చిన నాటి నుంచి అక్క ఏడవగా మేం చూడలేదు. ఆ రోజు మానిటర్ ముందు కూర్చుని ఏడ్చింది, ఈసారి తన తరగతి గదిలోంచి తనే కోరి నడిచి వచ్చేసినందుకు. కింద ఉదయగిరి బస్సు హారన్ కొడుతున్నా నాయన లేవలేదు. నేనూ లేపలేదు.